స్ట్రాంగ్ ఏల్: బార్‌లో తాగాలా, షాప్‌లో కొని ఇంటికి తెచ్చుకోవాలా?

ఏల్ అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే ఒక రకం బీరు, అందులో ఆల్కహాల్ ఎక్కువుండేది స్ట్రాంగ్ ఏల్. ముందు మా ఫ్రెండ్ ఒకడి సంగతి చెప్తా. ఎక్కడో వెతికి వెతికి మంచి డబుల్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు ఏల్‌లో ఇంకా ఘాటు రకం) క్యాన్ ఒకటి సంపాదించాడు, ఏదైనా స్పెషల్ రోజు తాగుదాంలే అని దాన్ని అల్మారాలో తొమ్మిది నెలలు దాచాడు. అదే మనిషి ఒకరోజు బార్‌కి వెళ్లి, ట్యాప్‌లో బార్లీవైన్ అనే ఘాటు ఏల్ ఉందని చూసి పెద్ద గ్లాసు చెప్పి, చల్లదనం పోకముందే తాగేయాలని పావుగంటలో ఖాళీ చేసేశాడు. క్యాన్ తెరిచిన రోజేమో హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసన మిగిలింది, బార్లీవైన్ తాగిన రాత్రేమో తెల్లార్లూ తలనొప్పి. రెండూ మంచి బీర్లే, రెండిటికీ డబ్బులు బాగానే పెట్టాడు, కాకపోతే వెంటనే తాగాల్సింది దాచాడు, నిదానంగా తాగాల్సింది గటగటా తాగేశాడు.

అందుకే "స్ట్రాంగ్ ఏల్‌కి బార్ బెటరా షాప్ బెటరా" అని ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, ఏ బీరు? చోటు చూసి బీరు ఎంచుకుంటే చాలాసార్లు దెబ్బతింటాం, బీరు చూసుకుని చోటు ఎంచుకుంటే మాత్రం ఆ డబ్బుకి తగ్గ రుచి దొరుకుతుంది. కొన్ని ఏల్స్ పూలలాంటివి, వాసనంతా మొదటి రోజుల్లోనే, తర్వాత వాడిపోతాయి. కొన్ని నిలవ ఉండేకొద్దీ ఊరి, రుచి మెత్తబడే రకం. ఈ రెండిటికీ ఒకే రూల్ పెట్టకూడదు.

స్ట్రాంగ్ అంటే ఎంత అనేది కూడా ఒకసారి చూసేద్దాం. మామూలు బీరు 4 నుంచి 5 శాతం ఆల్కహాల్ దగ్గర ఉంటుంది, క్రాఫ్ట్ (చిన్న బ్రూవరీలు చేసే) ఏల్స్‌లో 7 దాటితే నేను స్ట్రాంగ్ కిందే లెక్కేస్తా, 8 నుంచి 12 మధ్యలో అసలు మజా అంతా ఉంది, చెక్క బ్యారెల్‌లో ఊరిన స్టౌట్‌లు, అంటే నల్ల బీర్లు, కొన్ని 14 దాకా కూడా పోతాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క అలవాటు చేసుకోండి, ఎంఎల్‌ని శాతంతో గుణించి వందతో భాగించడం, అంతే. 330 ఎంఎల్ బాటిల్ 5 శాతం అయితే 16.5 ఎంఎల్ అసలు ఆల్కహాల్, అదే సైజు బాటిల్ 9.5 శాతం అయితే 31 ఎంఎల్ పైనే, అంటే చూడ్డానికి ఒక బాటిల్, లోపల దాదాపు రెండు. 473 ఎంఎల్ పింట్ గ్లాసులో 10 శాతం బీరు పోశారంటే 47 ఎంఎల్, అది మామూలు బాటిళ్లు మూడింటికి కాస్త తక్కువ. మా ఫ్రెండ్ పావుగంటలో తాగింది అదీ. మెనూలో బీరు పేరు, హాప్స్ పేరు కన్నా ముందు ఈ శాతం, గ్లాసు సైజు చూడాలి, ఈ రెండూ మెనూలో లేకపోతే మొహమాటపడకుండా అడగాలి.

ఇప్పుడు హాప్స్ ఎక్కువుండే వాటి దగ్గరికొద్దాం, డబుల్ ఐపీఏ, ట్రిపుల్ ఐపీఏ లాంటివి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే చెప్తా. ఈ స్టైల్ పాతదేం కాదు, 1994లో కాలిఫోర్నియాలో బ్లైండ్ పిగ్ అనే చిన్న బ్రూవరీ చేసిన బీరుని అమెరికాలో మొదటి డబుల్ ఐపీఏల్లో ఒకటిగా చెప్తారు, ఆ బ్రూవర్ విన్నీ సిలుర్జోనే తర్వాత రష్యన్ రివర్ బ్రూవరీలో ప్లైనీ ది ఎల్డర్ చేశాడు, 8 శాతం. ఆ బాటిల్ లేబుల్ చూస్తే దీన్ని దాచొద్దు, చల్లగా ఉంచండి, ఫ్రెష్‌గా తాగండి అని వాళ్లే రాసి పెట్టారు. తయారుచేసినవాడే అంతగా చెప్తున్నాడంటే కారణం ఉంది, నారింజ తొక్క, మామిడి, దేవదారు జిగురు లాంటి ఆ వాసనలన్నీ హాప్ నూనెల నుంచి వస్తాయి, అవి చాలా సున్నితం, కాస్త ఆక్సిజన్ తగిలినా, కాస్త వెచ్చగా ఉన్నా ముందు పోయేది అవే. చేదు మాత్రం ఎలాగోలా మిగులుతుంది, తీపి బయటికొస్తుంది, అప్పుడు తాగితే మందపాటి చేదు పాకంలా ఉంటుంది. అలా పాతబడ్డది మొదటిసారి తాగినవాళ్లు "నాకు ఐపీఏ పడదు" అని జీవితాంతం దూరం పెట్టేస్తారు, నాకు నిజంగా బాధేసేది అదే, వాళ్లు అసలు ఐపీఏ తాగనేలేదు!

కాబట్టి డబుల్ ఐపీఏకి నా ఓటు ముందు బార్‌కే, అదీ జనం బాగా వచ్చే బార్‌కి. కెగ్ (ట్యాప్‌కి బీరు పంపే పీపా) తొందరగా ఖాళీ అయ్యేచోట బీరు ఫ్రెష్‌గా ఉంటుంది, అంతకుమించి రహస్యం ఏం లేదు. బార్‌టెండర్‌ని "ఈ కెగ్ ఎప్పుడు పెట్టారు" అని అడగండి, మంచి చోట అయితే వెంటనే చెప్తారు, కొందరు సంతోషంగా చెప్తారు కూడా. షాప్‌లో కొనాలంటే డేట్ లేకుండా కొనొద్దు. క్యాన్ అడుగున చూడండి, ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది, నెల లోపు అయితే కళ్లు మూసుకుని తీసుకోండి, మూడు నెలలు దాటితే ఎంత పెద్ద పేరున్నదైనా అక్కడే పెట్టేయండి. కొన్నిటి మీద ఎక్స్‌పైరీ తేదీ మాత్రమే ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి, ఆ తేదీ బీరు పాడవదని చెప్తుందేగానీ హాప్స్ వాసన ఉందని చెప్పదు. తేదీతో పాటు అది ఫ్రిజ్‌లో ఉందా షెల్ఫ్‌లో ఉందా చూడండి, నెల రోజులు వెచ్చగా ఉన్న క్యాన్ కన్నా రెండు నెలలు చల్లగా ఉన్న క్యాన్ నయం. బాటిలా క్యానా అంటే ఈ రకానికి నేనైతే క్యానే అంటా, వెలుతురు అస్సలు చొరబడదు కాబట్టి.

వెలుతురు గురించి వచ్చింది కాబట్టి అది కూడా ఇక్కడే చెప్పేస్తా. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద ఎండ గానీ ట్యూబ్‌లైట్ వెలుగు గానీ పడితే అందులోంచి గంధకం కలిసిన ఒక పదార్థం పుడుతుంది, స్కంక్ అనే జంతువు వదిలే కంపుకి అది చుట్టం, అందుకే అలాంటి బీరుని స్కంకీ అంటారు. తెల్ల గాజు, ఆకుపచ్చ గాజు దీన్ని ఆపలేవు, గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది. ఎండలో పెట్టిన గ్లాసుకి కొన్ని నిమిషాలు చాలు కంపు రావడానికి, అందుకే ఆరుబయట కూర్చున్నా గ్లాసుని నీడలోనే పెట్టుకోండి. షాప్ అద్దాల కిటికీలో అలంకారానికి పేర్చిన బాటిళ్లు ఎంత అందంగా ఉన్నా వాటిలోంచి తీసి ఇస్తానంటే వద్దని చెప్పి లోపలి ఫ్రిజ్‌లోంచి అడగండి.

తర్వాత బెల్జియం వైపు బీర్లు, ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది, షాప్ గెలుస్తుంది. ట్రిపెల్ అంటే లేత రంగు ఘాటు బెల్జియం ఏల్, ఆ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చే వెస్ట్‌మాల్ ట్రిపెల్ 1934లో మొదలైంది, 1956 నుంచి రెసిపీ మారలేదని దాన్ని చేసే క్రైస్తవ మఠం వాళ్లే చెప్తారు, 9.5 శాతం. డ్యువెల్ 8.5 శాతం, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక విక్టరీ ఏల్ అని పెట్టారు, ఎవరో తాగి ఇది నిజంగా దెయ్యమే అన్నారట, దెయ్యానికి అక్కడి యాసలో వాడే డ్యువెల్ అనే మాటే 1923లో పేరైపోయింది. ఈ పేరు ఊరికే రాలేదు. బెల్జియన్లు వీటిలో చక్కెర కలిపి పులియబెడతారు, చక్కెర మొత్తం ఆల్కహాల్‌గా మారిపోతుంది, ఏమీ మిగలదు, అందుకని బీరు బరువు లేకుండా, పొడిగా, బుడగలు బుడగలుగా గొంతులోంచి దిగిపోతుంది. ఇంపీరియల్ స్టౌట్ మొదటి గుక్కలోనే "నేను స్ట్రాంగ్" అని చెప్తుంది, ట్రిపెల్ చెప్పదు, రెండోది అయిపోయాక లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ట్రిపెల్ రుచి ఈజీగా నచ్చుతుంది, అదే దానితో ప్రమాదం కూడా, ఒక్కటితో ఆపండి.

వీటికి షాప్ ఎందుకు బెటర్ అంటే, బాటిల్‌లో మళ్లీ ఈస్ట్ పోసి రెండోసారి పులియబెట్టే బీర్లు ఇవి, ఆ బుడగలు, ఆ నురగ అంతా బాటిల్‌లోనే తయారవుతుంది. బతికున్న ఈస్ట్ లోపల మిగిలిన ఆక్సిజన్‌ని కూడా కొంత తినేస్తుంది కాబట్టి ఐపీఏలా తొందరగా వాడిపోవు. ట్యాప్‌లో దొరికితే బాగోదని కాదు, డ్యువెల్ లాంటిది మాత్రం నాకు బాటిల్‌లోంచి పెద్ద తులిప్ గ్లాసులో పోసి, నురగ కొండలా లేస్తుంటే చూస్తేగానీ తాగినట్టుండదు. అడుగున మడ్డి ఉంటుంది, అది ఈస్టే, హాని లేదు, కానీ గ్లాసు తేటగా కావాలంటే బాటిల్‌ని నిలువుగా ఒకరోజు ఉంచి, నెమ్మదిగా పోసి చివరి రెండు వేళ్ల బీరు వదిలేయండి. మా ఇంట్లో ఆ చివరిది వేరే చిన్న గ్లాసులో పోసుకుంటాం, రొట్టెపిండి లాంటి ఘుమఘుమ, అదీ బాగుంటుంది.

ముదురు రంగువి, అంటే రోష్‌ఫోర్ట్ 10, వెస్ట్‌వ్లెటెరెన్ 12, షిమే బ్లూ లాంటివి, ఇవి ఇంకా ఓపికైనవి. రోష్‌ఫోర్ట్ 10లో 11.3 శాతం, వెస్ట్‌వ్లెటెరెన్‌లో 10.2, షిమే బ్లూలో 9. పేరులో నంబర్ చూసి అదే శాతం అనుకోకండి, ఆ నంబర్లు పాతకాలం కొలత నుంచి వచ్చినవి. షిమే బ్లూ క్రిస్మస్ బీరుగా మొదలైంది, లేబుల్ మీద సంవత్సరం వేస్తారు, కొన్నేళ్లు దాచుకున్నా తట్టుకుంటుంది. లేబుల్ మీద ఆరుకోణాల ట్రాపిస్ట్ (ఒక క్రైస్తవ సన్యాసుల వర్గం) గుర్తు ఉంటే మఠం గోడల లోపలో పక్కనో, సన్యాసుల పర్యవేక్షణలో చేశారని అర్థం, రుచికి గ్యారెంటీ అని కాదు గానీ నేను ఇప్పటిదాకా ఆ గుర్తున్న బెల్జియం బాటిల్ కొని బాధపడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి వెస్ట్‌వ్లెటెరెన్ కోసం పరుగులు పెట్టమని చెప్పను, దొరకడం కష్టం కాబట్టే దానికి అంత పేరు కూడా పెరిగింది, మామూలుగా దొరికే రోష్‌ఫోర్ట్ 10 పక్కపక్కన పెట్టి తాగితే నాకైతే ఏ లోటూ కనబడలేదు.

బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్ దగ్గర మాత్రం జవాబు ఒక్కటి కాదు, రెండు. ఇంపీరియల్ స్టౌట్ మూలం 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా రాజాస్థానానికి పంపిన ఘాటైన నల్ల బీర్లు, ఆ పేరు అలా వచ్చింది. కాల్చిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), కాఫీ, చేదు చాక్లెట్ రుచులు. బార్లీవైన్‌లో వైన్ ఏమీ ఉండదు, ద్రాక్షకి దానికి సంబంధం లేదు, వైన్ అంత ఘాటుగా ఉంటుందని ఆ పేరు. సియెర్రా నెవాడా బ్రూవరీ వాళ్ల బిగ్‌ఫుట్ బార్లీవైన్ 1983 నుంచి ఏడాదికోసారి వస్తుంది, 9.6 శాతం, అమెరికా పద్ధతిలో హాప్స్ దట్టించి చేస్తారు, కొత్తది చేదుగా గోల గోలగా ఉంటుంది, మూడేళ్లది తాగితే ఆ గోల తగ్గి తేనె, ఎండుద్రాక్ష రుచులు తేలతాయి. ఇంగ్లండ్‌లో ఫుల్లర్స్ వింటేజ్ ఏల్ 1997 నుంచి ఏటా ఒక్కో సంవత్సరం పేరుతో వస్తోంది, 8.5 శాతం, అది మొదటినుంచీ మెత్తటి మనిషే.

వీటిలో ఒకే బీరుని ఏళ్ల తరబడి గమనించాలనే కోరిక మీకు ఉంటే షాప్ తప్ప దారి లేదు, బాటిళ్లు కొని చీకటిగా చల్లగా ఉండేచోట నిలబెట్టుకోవాలి, పడుకోబెట్టకూడదు. కానీ మొదటిసారి రుచి చూడ్డానికైతే బార్‌కే వెళ్లమంటా. బ్యారెల్‌లో ఊరిన 13, 14 శాతం స్టౌట్ పెద్ద బాటిల్ ఇంట్లో తెరిచారనుకోండి, ఒక్కరికి అది ఎక్కువ, మిగిలింది రేపటికి చప్పబడుతుంది, పారబోయడానికి మనసొప్పక తాగేస్తాం. బార్‌లో అదే బీరు 120, 150 ఎంఎల్ చిన్న గ్లాసులో దొరుకుతుంది. ఎంఎల్ లెక్కన చూస్తే బార్‌లో ధర ఎక్కువే, కానీ మీరు కొనేది బాటిల్ కాదు, చాలినంత రుచి. 120 ఎంఎల్ 13 శాతం అంటే 15.6 ఎంఎల్ ఆల్కహాల్, ఒక మామూలు బీరు కన్నా కాస్త తక్కువ, హాయిగా గంటసేపు తాగొచ్చు. ఓల్డ్ రస్పుటిన్ లాంటి స్టౌట్‌లు కొన్నిచోట్ల నైట్రో ట్యాప్‌లో పోస్తారు, నైట్రోజన్ బుడగలు చిన్నవి కాబట్టి బీరు మీగడలా తగులుతుంది, ఆ అనుభవం మామూలు బాటిల్‌లో రాదు.

స్కాట్లాండ్ స్ట్రాంగ్ ఏల్ వీ హెవీ గురించి ఒక్కమాట, చేదు అంటే పడనివాళ్లకి ఇది సరిపోతుంది, మాల్ట్ తీపి, కొద్దిగా కాలిన పంచదార రుచి. ట్రాక్వేర్ హౌస్ ఏల్ 7.2 శాతం, ఒక పాత కోటలాంటి ఇంట్లో 1965లో తిరిగి మొదలుపెట్టిన బ్రూవరీ అది. బాటిల్ కనబడితే తెచ్చుకోండి.

బార్ మంచిదో కాదో కూర్చున్న పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఘాటు బీర్లకి చిన్న గ్లాసు ఇస్తున్నారా లేదా అనేది నాకు మొదటి గుర్తు, అన్నిటికీ ఒకే పింట్ గ్లాసు పెట్టే చోట నేను స్ట్రాంగ్ ఏల్ తాగను. గ్లాసు ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టించి తెస్తే మామూలు గ్లాసు ఇమ్మని అడగండి, అంత చల్లదనంలో నాలుక మొద్దుబారి 9 శాతం బీరూ 5 శాతం బీరూ ఒకేలా ఉంటాయి. ట్యాప్ పైపుల శుభ్రత ఇంకో పెద్ద విషయం, రెండు వారాలకోసారి కడగాలని అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ చెప్తుంది, కడగకపోతే వెన్న వాసనో పుల్లటి వెనిగర్ వాసనో వస్తుంది. ఒకసారి ఒక బార్‌లో నాకు ఇష్టమైన ట్రిపెల్ అలాగే పుల్లగా వచ్చింది, మొహమాటపడి సగం తాగాను, ఇప్పుడైతే తాగను, నెమ్మదిగా చెప్తా, మంచివాళ్లైతే మార్చి ఇస్తారు. ముందుగా ఒక గుక్క శాంపిల్ అడగడం తప్పు కాదు, క్యూ పెద్దగా ఉన్నప్పుడు ఆరేడు అడగడం మాత్రం తప్పే.

షాప్‌లో నేను చూసేది ముందు ఫ్రిజ్, తర్వాత దుమ్ము. బార్లీవైన్ బాటిల్ మీద దుమ్ము ఉంటే ఆశగా చూస్తా, ఐపీఏ క్యాన్ మీద దుమ్ము ఉంటే బయటికొచ్చేస్తా. అమ్మే మనిషికి బీరు తెలుసా అనేది ఒక ప్రశ్నతో తేలుతుంది, "ఈ వారం ఏం కొత్తగా వచ్చాయి" అని అడగండి, ఖరీదైనదాని వైపు చెయ్యి చూపిస్తే ఒకటి, "మీకు చేదు ఇష్టమా తీపి ఇష్టమా" అని తిరిగి అడిగితే ఇంకొకటి, రెండో మనిషిని వదులుకోకండి, ఏళ్ల తరబడి పనికొస్తాడు. కొన్ని షాపులు ట్యాప్‌లోంచి పట్టి కూడా ఇస్తాయి, గ్రౌలర్ అంటే దాదాపు 1.9 లీటర్ల జగ్గు, క్రౌలర్ అంటే దానిలో సగం సైజు క్యాన్, అక్కడికక్కడే సీల్ వేస్తారు. స్ట్రాంగ్ ఏల్‌కి గ్రౌలర్ తీసుకోకండి, 9 శాతం చొప్పున 170 ఎంఎల్ ఆల్కహాల్ అది, తెరిచాక ఒకట్రెండు రోజుల్లో చప్పబడుతుంది, నలుగురైదుగురు ఉంటే తప్ప అర్థం లేదు. ఇద్దరున్నప్పుడు డబుల్ ఐపీఏ క్రౌలర్ పర్వాలేదు, అదీ ఆ రాత్రికే.

ఇంట్లో తాగేటప్పుడు అందరూ చేసే తప్పు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయడం. ఐపీఏ, ట్రిపెల్ అయితే ఐదు పది నిమిషాలు చాలు, స్టౌట్, బార్లీవైన్ అయితే అరగంట ముందే తీసి బయట పెట్టండి, 12 డిగ్రీల దగ్గర అవి నోరు విప్పుతాయి. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గ్లాసు ఏదైనా పర్లేదు, సగం దాకే పోయండి. హెడీ టాపర్ అనే డబుల్ ఐపీఏ క్యాన్ మీద మాత్రం క్యాన్‌తోనే తాగమని రాసుంటుంది, వాసన పోకూడదని వాళ్ల వాదన, నేను రెండు రకాలుగా తాగి చూసి గ్లాసుకే ఓటేశా.

ఒంటి సంగతి కూడా చోటుతో ముడిపడే ఉంది. బార్‌కి వెళ్తే మొదటి గ్లాసు చెప్పకముందే ఇంటికెలా వెళ్లాలో తేల్చుకోండి, బండి తాళం ఇంట్లో వదిలేయండి, 9 శాతం బీరు ఒక్కటే తాగానుగా అనే మాట ఆ లెక్క తెలియక అనేది. ఇంట్లో ఆ బెడద లేదు గానీ ఇంట్లో క్లోజింగ్ టైం లేదు, ఇక చాలండి అనే మనిషి లేడు, అందుకే నేను తాగాల్సిన ఒక్క బాటిలే బయటికి తీస్తా, రెండోది చల్లబెట్టనే చల్లబెట్టను. గ్లాసు పక్కన అంతే నీళ్లు.

ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. ఈ వారం జనం ఉండే బార్‌కి వెళ్లి ఫ్రెష్ డబుల్ ఐపీఏ చిన్న గ్లాసు ఒకటి, వీలైతే స్టౌట్ చిన్న గ్లాసు ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగండి, చేదు లాగుతుందా నలుపు లాగుతుందా మీకే తెలుస్తుంది. నలుపు లాగితే తర్వాతి వారం షాప్‌కి వెళ్లి ఒకే సంవత్సరం బార్లీవైన్‌వో ఇంపీరియల్ స్టౌట్‌వో రెండు బాటిళ్లు కొనండి. ఒకటి ఈ రాత్రే తెరిచి ఎలా ఉందో నాలుగు ముక్కలు కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని రెండో బాటిల్‌కి రబ్బర్‌బ్యాండ్‌తో చుట్టి అల్మారాలో అడుగున, చెయ్యి సులువుగా అందనిచోట నిలబెట్టండి, మళ్లీ ఏడాది తిరిగాక తీసి ఆ కాగితం చదువుతూ తాగండి.